ఉప్పునీటి ఉమ్మడి కాపురం

"సమన్వయం" అనే మాట వినగానే మగవాళ్ళకి పెద్ద బల్లా, దాని చుట్టూ కుర్చీలూ, కుర్చీకో నీళ్ళ సీసా గుర్తొస్తాయనుకుంటాను. నాకు మాత్రం మా అమ్మమ్మ గుర్తొస్తుంది. నలుగురు కోడళ్ళు, పుట్టింటికి తిరిగొచ్చేసిన ఇద్దరు ఆడపడుచులు, పదకొండుమంది పిల్లలు, ఇద్దరు పాలేర్లు. అందరికీ ఒకటే వంటిల్లు, ఒకటే నుయ్యి. పొద్దున్నే నూతి దగ్గర ఎవరు ముందు, పెరుగు ఎవరికెంత, నేతిగిన్నె ఎవరి చేతిలో ఉండాలి, ఇవన్నీ ఏ పుస్తకంలోనూ రాసి లేవు. అయినా ఇరవై ఏళ్ళకి పైగా ఆ కాపురం నడిచింది. నడిచిందంటే ఎవరికీ కోపాలు రాలేదని కాదు లెండి. పొయ్యి ముందు కూర్చున్న కోడలికే ఆఖరున అడుగు చారు మిగిలేది. ఆ సంగతి అమ్మమ్మ కనిపెట్టి, వారానికోసారి ఆ కోడలి చేతికి నేతిగిన్నె ఇచ్చేది. అంతే. అదే ఆవిడ పరిపాలనా రహస్యం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈమధ్య నేను ఒక అడవి గురించి తెలుసుకునే పనిలో పడ్డాను. అది మామూలు అడవి కాదు. నేల మీద సగం, నీళ్ళలో సగం ఉండే మడ అడవి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో తాళ్ళరేవు దాటకముందే ఎడంచేతి వైపు పచ్చగా పరుచుకుని కనిపిస్తుంది చూడండి, అదే కోరంగి. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

సరే, ఆ అడవి ఎవరిదండీ అని అడిగాను. అడక్కూడని ప్రశ్నేమీ కాదు కదా! చెట్టు అటవీశాఖది. చెట్టు మొదట్లో ఈదే చేప మత్స్యశాఖది. ఆ చేపకి కావలసిన మంచినీళ్ళు గోదావరిలోంచి రావాలి గనక, ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తి దించేది నీటిపారుదల శాఖ. అడవి పక్కనున్న పోరంబోకు రెవెన్యూది. ఎదురుగా నిలబడ్డ ఓడలు రేవువి. ఇంకాస్త లోపల సముద్రం అడుగున పరుచుకున్న గొట్టాలు చమురు, గ్యాసు కంపెనీలవి. ఒడ్డుకి ఎంతదూరంలో ఏం కట్టవచ్చో, ఏం కట్టకూడదో చెప్పేది ఢిల్లీ. 1991లో ఒకసారి చెప్పింది, 2011లో మార్చి చెప్పింది, 2019లో మళ్ళీ మార్చింది. మేనమామలు ఎక్కువైన పిల్లని చూశారా ఎప్పుడైనా? ప్రతివాడూ గొలుసు చేయిస్తానంటాడు. పిల్లకి అన్నం పెట్టారా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

కోరంగి పేరు వింటే మా ఇంట్లో వేరే కథ ఉంది. మా తాతగారి పినతండ్రి ఒకాయన రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూనే. ఆ రోజుల్లో బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ అక్కడ "కోరంగీలు" అనేవారట. ఎక్కువమంది ఓడ ఎక్కింది ఈ రేవు పేరుగల చోట కాబట్టి, ఊరిపేరే జాతిపేరైపోయింది. అంత పేరున్న రేవుని 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన తుడిచిపెట్టేసింది. ఇప్పుడు ఆ ఊళ్ళో నిలబడితే ఇక్కడా ఓడలు కట్టేవారు అనిపిస్తుంది. గోదావరి తెచ్చి పోసిన మట్టీ, ఆ మట్టిని పట్టుకుని నిలబడ్డ చెట్లూ, అంతే మిగిలాయి. ఆ గోదావరే తన ఇసకని సముద్రంలోకి తోసి హోప్ ఐలాండ్ అనే దిబ్బని కూడా వేసింది. పదహారు కిలోమీటర్ల పొడుగు. రెండు వందల ఏళ్ళు దాటి ఉండదు దాని వయసు. కాకినాడ రేవుకి అది అడ్డుగోడ. ఎవరూ కూలి ఇవ్వకుండా కట్టిన గోడ.

కాకినాడలో మా అక్క ఉంది. బావగారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి టెండరు ప్రకటన దాకా చదువుతారు. ఆయన వాదన ఒక్కటే: "ఆ పల్లెల వాళ్ళే అడవిని నరికేశారమ్మా. వాళ్ళని లోపలికి రానివ్వకుండా కంచె వేసేస్తే సరి." అక్క ఆ మాట వినగానే, "రెండు రోజులకోసారి మీకు పీతలకూర కావాలిగా, ఆ పీతలు కంచె దూకి వస్తాయా?" అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఇలాంటి జవాబులు వాడికత్తిలా వస్తాయి మా అక్కకి.

మేమిద్దరం మర్నాడు చొల్లంగిపేట వెళ్ళాం. అడవిలోకి చెక్కలతో వంతెనలాంటి దారి వేశారు. చూడ్డానికి వచ్చేవాళ్ళ దగ్గర టిక్కెట్టు తీసుకోవడం, దారి చూపించడం, శుభ్రం చేయడం లాంటి పనుల్లో ఊరి కమిటీవాళ్ళకి భాగం ఉంది. మాకు చెట్లు చూపించినావిడ యాభై దాటిన మనిషి. చీరకుచ్చెళ్ళు కాస్త ఎత్తి దోపుకుంది. పేరు రాయవద్దంది గనక రాయను.

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్ర, తెలుగు, రాజనీతి. చెట్ల గురించి నాకున్న జ్ఞానం కరివేపాకు, తులసి దగ్గర ఆగిపోయింది. అలాంటి నన్ను ఆవిడ గంటసేపు నోరు తెరుచుకునేట్టు చేసింది. మడచెట్టు ఆకు ఒకటి తుంచి, "నాలిక్కి రాసుకోండమ్మగారూ" అంది. ఉప్పగా ఉంది! తాగిన ఉప్పునీళ్ళలోని ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదికి చెమటలా పంపేస్తుందట. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చినవి వేళ్ళట, గాలి పీల్చుకోడానికి. బురదలో ఊపిరాడదు కదా మరి. తిల్లచెట్టు చూపించి, "దీని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి, ముట్టుకోకండి" అని అక్క చెయ్యి పక్కకి లాగింది.

అన్నిటికంటే ఉప్పుపొన్న చెట్టు నా మనసులో ఉండిపోయింది. దాని కాయ కింద పడి మొలకెత్తదు. చెట్టుకి వేలాడుతూనే మొలకెత్తి, మునక్కాడలా పొడుగ్గా పెరిగి, ఇక నా బతుకు నేను బతకగలను అన్నాకే కిందికి జారుతుంది. పాటు వేళ పడితే అక్కడే బురదలో గుచ్చుకుని నిలబడుతుంది, పోటు వేళ పడితే నీళ్ళ మీద తేలుకుంటూ ఎక్కడో ఒడ్డు చూసుకుంటుంది. అక్క నా చెవిలో, "మనకంటే నయమే. మన వాళ్ళకి ముప్పై ఏళ్ళొచ్చినా క్యారేజీ పంపాలి" అంది.

ఇంత తెలిసిన ఈ మనిషి ఒకప్పుడు ఈ చెట్లనే నరికింది. అది ఆవిడే చెప్పింది, దాపరికం లేకుండా.

"మాకు అప్పట్లో అడివంటే ఏటో తెలీదండి. పొయ్యిలోకి కర్రండి, అంతే. మాయత్త, నేను, తోడికోడలు తెల్లారగట్ల పడవేసుకుని ఎల్లేవోళ్ళం. మోపు తెస్తే నాలుగు రోజులు కూడొండుకునేవోళ్ళం. గార్డు బాబు పట్టుకుంటే కత్తి లాగేసుకునేవోడు. కత్తి పోతే మళ్ళీ కొనాలి కదండీ? ఆ డబ్బులకి ఇంకో రెండు మోపులు కొట్టి అమ్మేవోళ్ళం."

ఈ లెక్క ఏ అధికారికైనా తట్టి ఉంటుందా? చెట్టుని కాపాడడానికి వేసిన జరిమానా చెట్టు మీదే పడుతోంది. మా అమ్మమ్మ వంటింట్లో కూడా మడకర్ర మండేది. బండిమీద వచ్చేది, కణకణ మండుతుందని మెచ్చుకుని బేరమాడి కొనేవారు. ఆ బండిలోని కర్ర ఏ చెట్టుదో, ఆ చెట్టు కొట్టిన మనిషి కత్తి ఎన్నిసార్లు పోయిందో కొన్నవాళ్ళకి పట్టలేదు. బావగారు వేస్తానన్న కంచె మన పెరట్లోకి కూడా రావాలన్నమాట.

పైగా ఒకమాట చెప్పుకోవాలి. పల్లెవాళ్ళ మోపులొక్కటే అడవిని పాడుచేయలేదు. పూర్వం సర్కారే కూపులు వేలం వేసి, ఒక్కో ముక్కని మొదలంటా నరికించేది. చెట్లు పోయిన చోట నేల ఎండి, నెర్రెలిచ్చి, మధ్యలో పళ్ళెంలా కుంగిపోయింది. పోటుకి వచ్చిన ఉప్పునీళ్ళు ఆ పళ్ళెంలో నిలిచిపోయి, ఎండకి ఆవిరై, ఉప్పు మాత్రం మిగిలేది. ఏడాదికేడాది ఉప్పు పెరిగి, చివరికి ఉప్పునీళ్ళలో పుట్టే చెట్టు కూడా మొలవని ఉప్పు. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోయేవి. ఆ తరవాత తొంభైలలో రొయ్యల చెరువుల మోజు వచ్చింది. తీరం పొడుగునా చెరువులు తవ్వేశారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా తీర్పు చెప్పేదాకా అడిగినవాళ్ళు లేరు.

తొంభైల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ గారి పరిశోధన సంస్థవాళ్ళు, అటవీశాఖ, ఈ పల్లెలవాళ్ళు కలిసి చేసిన పని చిన్నదే, కాని ఎంత తెలివైనదో చూడండి. మొక్కల కంటే ముందు కాలవలు తవ్వారు. మధ్యలో వెన్నెముకలా పెద్ద కాలవ. దానికి రెండువైపులా ఏటవాలుగా ముళ్ళలాగా పిల్లకాలవలు. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లే. పోటుకి నీళ్ళు లోపలికి వస్తాయి, పాటుకి వెళ్ళిపోతాయి, పోతూ పోతూ ఉప్పుని కడుక్కుపోతాయి. ఆ తరవాత నాటితే బతికాయి మొక్కలు. మట్లపాలెం లాంటి ఊళ్ళలో సమితులు పెట్టి, ఇంటికి ఒక మగా ఒక ఆడా సభ్యులన్నారు.

"ఆడోళ్ళకి కూడానా అని నవ్వారండి మా మగోళ్ళు," అంది ఆవిడ. "మొదట్లో సంతకాలప్పుడే పిలిచేవోరు. కాలవ ఎక్కడ తవ్వాలో మాత్రం మాకే తెలుసండి. పాటుకి నీళ్ళెటు జారతాయో రోజూ ఆ బురదలో కూకుని పీతలు పట్టేది మేం కదండీ!"

వినడానికి చిన్నమాటే. కాని ఇన్ని లక్షలు ఖర్చుపెట్టి, ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని చేసిన పని నిలబడిందంటే దానికింద ఉన్న రాయి ఇదే. పోటు పాటుల లెక్క యంత్రాలకి తెలుసు. నీళ్ళు ఏ సందులోంచి జారుతాయో కాలికి తెలుసు.

1996 నవంబరు ఆరు. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా వచ్చిన తుఫాను. నేనప్పుడు ఇంటర్మీడియట్. మా ఊళ్ళో కొబ్బరిచెట్లు విరిగిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తూర్పుగోదావరి తీరంలో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళెందరో. ఆవిడ తమ్ముడు ఆ పడవల్లో ఒకదాంట్లో ఉన్నాడు. "ఒళ్ళు కూడా దొరకలేదండి," అని ఊరుకుంది. కాసేపు మేం ముగ్గురం ఆ చెక్కలదారి మీద నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాం. తరవాత తనే, "మడ అడివి అడ్డున్న ఊళ్ళకి గాలి, నీళ్ళు అంత దెబ్బ తియ్యలేదండి. మా పెద్దోళ్ళు అంతా అదే అన్నారు. ఆ ఏడాది తరవాత మాయత్త కత్తి పట్టలేదు," అంది.

కత్తి పట్టకపోతే పొయ్యి మండాలి కదా? అక్కడే ఈ కథలో అసలు చిక్కంతా. గ్యాసుపొయ్యిలు వచ్చాయి, మంచిదే. కాని సిలిండరు అయిపోయినప్పుడు మళ్ళీ నింపించుకోవాలంటే చేతిలో డబ్బుండాలి. వేట లేని రోజుల్లో ఎక్కడినుంచి వస్తుంది? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 2015 నుంచి ఆ గడువు పొడిగించారు. పడవమీద వెళ్ళేవాళ్ళకి సర్కారు భృతి ఇస్తుంది. 2019లో 10,000 రూపాయలు చేశారు, 2025లో 20,000 చేశారు. సంతోషమే. "మరి చేపలు ఎండబెట్టేవాళ్ళకి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేవాళ్ళకి?" అని అడిగాను. ఆవిడ నవ్వింది. "మేం పడవెక్కం కదండీ," అంది. సముద్రం మూసేస్తే బుట్ట కూడా ఖాళీయే అని పథకాలు రాసేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళెవరైనా చెబితే బాగుండును.

ఇక సముద్రం సంగతి. తాబేళ్ళ గురించి మీరూ చదివే ఉంటారు. ఆలివ్ రిడ్లీ అంటారు. చలికాలం వెళ్ళే రోజుల్లో ఈ ఇసక ఒడ్డులకీ, హోప్ ఐలాండ్‌కీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కోటి వంద, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసక కప్పేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ఇసక వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. మా అత్తగారు ఈ సంగతి విని, "ఇంతకాలం కోడళ్ళని తిట్టారు, తప్పంతా ఇసకదేనన్నమాట" అన్నారు. పాపం ఆ తాబేలు నీళ్ళలో బతికేదే అయినా ఊపిరికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. 2025 మొదట్లో కాకినాడ తీరానికి చచ్చిన తాబేళ్ళు కొట్టుకొచ్చాయని పేపర్ల నిండా ఫొటోలు వేశారు.

దీనికి మందు లేకపోలేదు. వలలో అడ్డంగా ఇనప చట్రం ఒకటి పెట్టి, పైన తలుపులా వదిలేస్తే, రొయ్య చట్రంలోంచి వెనక్కి జారుతుంది, తాబేలు తగిలి తలుపులోంచి బయటపడుతుంది. మనదేశంలోనే మన వలలకి తగినట్టు తయారుచేశారు. మరి ఎందుకు పెట్టుకోరు? పడవవాళ్ళని అడిగితే, తాబేలుతోబాటు కొంత చేప కూడా పోతుందంటారు. డీజిలు అప్పు, ఐసు అప్పు, కూలీల వాటా. ఆ పోయే చేప ఎవరి వాటాలోంచి పోవాలి? సముద్రంలో పట్టిన మన రొయ్యని, వలలో ఈ తలుపు లేదని అమెరికా 2019 నుంచి కొనడం మానేసింది. అప్పుడు నష్టం మొత్తం అందరికీ వచ్చింది. ఒడ్డునుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు మరపడవలు రాకూడదని రూలుంది. అది తెప్పలమీద, చిన్నపడవలమీద బతికేవాళ్ళ కోసం పెట్టిన గీత. రాత్రివేళ ఆ గీత ఎవరికి కనబడుతుంది చెప్పండి? పెద్దపడవ వాడు దాటాడని చిన్నపడవ వాడు, సముద్రంలో చేపే లేదని పెద్దపడవ వాడు. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో ఉంటాయి, ఇద్దరి ఆడవాళ్ళూ ఒకే కుళాయి దగ్గర బిందెలు పెడతారు.

అందుకని 2011లో ఐక్యరాజ్య సమితివాళ్ళు, కేంద్రం, రాష్ట్రం కలిసి ఈ గోదావరి ముఖద్వారం మొత్తానికి ఒక పెద్ద పథకం మొదలుపెట్టారు. అందరినీ ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడించడానికి కాకినాడలో ఒక సంస్థని కూడా పెట్టారు. అడవీ, చేపా, రేవూ, కంపెనీ వేరువేరు కాదు, ఒకరి పనివల్ల ఇంకొకరికి వచ్చే నష్టాన్ని ముందే లెక్కవేసుకోవాలని దాని సారాంశం. మా అమ్మమ్మ భాషలో చెప్పాలంటే, నుయ్యి ఒకటే కాబట్టి చేద వేసేముందు పక్కవాళ్ళని చూసుకోమని. ఆ రోజుల్లో బాగానే జరిగాయి పనులు. బావురుపిల్లుల లెక్క తీశారు. చేపల్ని వేటాడి తినే ఈ పిల్లి మనకి కనబడదు గాని, చెట్లకి కెమెరాలు కట్టి లెక్కపెడితే 2018లో వంద పైన తేలాయి. పథకాలకి గడువుంటుంది. గడువు అయిపోయాక కూడా పిల్లి చేపలు పడుతూనే ఉండాలి, కాలవలో నీళ్ళు ఆడుతూనే ఉండాలి.

ఇదే పథకం కొంకణ తీరంలో సింధుదుర్గ్ జిల్లాలోనూ నడిచింది. అక్కడ వెంగుర్ల అనే ఊళ్ళో బెస్త ఆడవాళ్ళు కొంతమంది 2017 నుంచి తామే తెడ్లు వేస్తూ వచ్చినవాళ్ళకి మడ అడవి చూపిస్తున్నారు. నేను ఆ సంగతి చెబితే మా కోరంగి ఆవిడ, "తెడ్డు మాకూ వచ్చండీ. పడవెవరిస్తారు?" అంది. ఒరిస్సాలో గంజాం తీరాన రుషికుల్య నది కలిసేచోట వేలకొద్దీ తాబేళ్ళు గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో గాని బయటి శాస్త్రవేత్తలకి తెలియలేదు. పక్క ఊళ్ళ కుర్రాళ్ళే ఒక సంఘంగా ఏర్పడి ఆ గుడ్లని కాపలా కాస్తున్నారు. ఆ తీరంలో తెలుగు మాట్లాడే బెస్తవాళ్ళు చాలామంది, మన భాషే, మన పేర్లే. తాబేలంటే కూర్మావతారం అనే నమ్మకం వాళ్ళకీ ఉంది. శ్రీకూర్మం మన శ్రీకాకుళంలోనే కదా ఉంది. దేవుడనే మాట వల్ల వలలో పడ్డ తాబేలుని చేతులతో విడిపించి వదిలేవాళ్ళు ఈ తీరమంతా ఉన్నారు. చట్టం 1972లో వచ్చింది.

ఇక సమావేశం గురించి చెప్పాలి. కాకినాడలో ఒక సభకి నన్ను పిలిచారు. ఏ శాఖదో, ఏ హాల్లోనో ఎందుకులెండి. నవలలు రాసేవాళ్ళని వేదిక మీద కూర్చోబెడితే పూలదండ వేయడానికి ఒక మెడ దొరుకుతుంది. "తీరప్రాంత రక్షణలో స్థానిక మహిళల భాగస్వామ్యం" అని వెనకాల గుడ్డమీద రాశారు. పదిన్నరకన్నారు. పదకొండయింది. హాల్లో మూడు శాఖలవాళ్ళు, కాలేజీ పిల్లలు, పేపర్లవాళ్ళు. స్థానిక మహిళలు ఇద్దరు. వాళ్ళలో ఒకామె పంచాయితీ మెంబరు. ఒక పెద్దాయన మైకు దగ్గరకొచ్చి, ఆడవాళ్ళలో చైతన్యం ఇంకా రావాలని ఇరవై నిమిషాలు చెప్పారు.

సాయంత్రం చొల్లంగిపేటకి ఫోను చేశాను. "ఎందుకు రాలేదమ్మా?" అని. "ఎలా వత్తామండీ? పాటు పదిన్నరకి కదా!" అంది ఆవిడ.

పాటు వేళే బురద బయటపడుతుంది. అప్పుడే పీతల కన్నాలు కనిపిస్తాయి, గుల్లలు దొరుకుతాయి, మడుగుల్లో చేత్తో తడిమి రొయ్యలు పట్టవచ్చు. ఆ మూడు నాలుగు గంటలే వాళ్ళ ఆఫీసు. అదీ రోజూ ఒక వేళకి రాదు, రోజుకి యాభై నిమిషాలు చొప్పున వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పున్నానికీ నీళ్ళు బాగా లాగి చాలా దూరం బయటపడుతుంది. ఆ నాలుగు రోజులూ నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. ఆ సభ పెట్టింది సరిగ్గా అమావాస్య మర్నాడు! కూలి వదులుకుని వచ్చి, తమ చైతన్యం గురించి వినాలన్నమాట.

"మరెప్పుడు పెడితే వస్తారు?" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అష్టమి, నవమీ అయితే పరవాలేదండి. నీళ్ళు పెద్దగా లాగవు. అసలు ఆ రెండు రోజులూ చాలామందిమి ఇంటికాడే ఉంటాం."

బావగారు పక్కనుంచి వింటున్నారు. గోడకున్న క్యాలెండరు దగ్గరకెళ్ళి కళ్ళజోడు సవరించుకుని చూసి, "నిజమేనమ్మా, చంద్రుడు సగమున్నప్పుడు పోటుపాట్లు తక్కువగానే ఉంటాయి. స్కూల్లో చదువుకున్నాం" అన్నారు. తరవాత ఆయన కంచె మాట ఎత్తలేదు. మనసు మార్చుకున్నారో, మా అక్క గుడ్లురిమిందో నేను చెప్పలేను.

నాకు తెలిసిన ఒక చిన్న అధికారి ఉంది. మా కోడలి వయసు ఉంటుంది. ఆ అమ్మాయికి ఈ సంగతంతా చెప్పాను. వెంటనే, "నెక్స్ట్ మీటింగు అష్టమికి వేసేద్దాం ఆంటీ, ఊళ్ళోనే పెడదాం" అంది. ఆఫీసులో గుమాస్తాగారు అడ్డుపడ్డారట. "అష్టమినాడా? అమ్మా, కొత్తపని ఎవరైనా అష్టమినాడు మొదలెడతారా?" అని. "ఇది పాతపనేనండీ, ఎప్పటినుంచో మిగిలిపోయింది" అని ఆ అమ్మాయి కాగితం మీద సంతకం పెట్టేసింది.

ఆ అష్టమికి నేనూ వెళ్ళాను. చింతచెట్టు కింద చాపలు వేశారు. పద్నాలుగుమంది ఆడవాళ్ళొచ్చారు, చంకల్లో పిల్లలతో. వేదికా లేదు, దండా లేదు. అధికారులు ముగ్గురు ప్లాస్టిక్ కుర్చీల్లో. ఉపన్యాసం మొదలవకముందే మా చొల్లంగిపేట ఆవిడ లేచి నిలబడింది. చేపముల్లు కాలవల్లో పెద్దదాని నోరు పూడిపోయిందనీ, ఏడాదిగా పోటునీళ్ళు లోపలికి సరిగా రావడం లేదనీ, పైన నాటిన చెట్లు ఆకు రాలుస్తున్నాయనీ చెప్పింది. "అవి చస్తే మళ్ళీ ఉప్పుతేలిన నేల అయిపోద్దండి. అప్పుడు తవ్వినోళ్ళే లేరిప్పుడు. మేం తవ్వుతాం. కూలెవరిస్తారు?"

అటవీశాఖాయన మత్స్యశాఖాయన వైపు చూశారు. ఆయన మూడో ఆయన వైపు చూశారు. మూడో ఆయన, అది తమ హద్దులోకి రాదనీ, ముందు చూసి రిపోర్టు రాయాలనీ అన్నారు. నాకు మా అమ్మమ్మా, నేతిగిన్నే గుర్తొచ్చాయి. కాని నేను మాట్లాడలేదు, మాట్లాడవలసినవాళ్ళు మాట్లాడుతున్నారు.

"చూడ్డానికెప్పుడొత్తారండి?" అంది ఆవిడ.

"సోమవారం పదింటికి," అన్నారాయన డైరీ తీసి.

"పదింటికి పోటండి. నీళ్ళు తప్ప ఏం కనపడదు. మజ్జానం మూడింటికి రండి, బూట్లు ఇంటికాడ ఎట్టేసి రండి."

ఆయన పది కొట్టేసి మూడు రాసుకున్నారు. వెనకనుంచి ఎవరో ముసలమ్మ, పలుగులు ఎన్ని కావాలో కూడా రాయించమంది. ఆ చిన్న అధికారి ఆ లెక్క కూడా రాసింది: పలుగులు పన్నెండు, తట్టలు ఇరవై, మనుషులు పద్నాలుగు. కూలి గళ్ళో మాత్రం ఏమీ వేయలేదు. అటవీశాఖాయన ఆ కాగితం తీసుకుని, ఆ గడివైపు కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.